అమెరికా కాలేజీలో ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ మైనర్: కోర్సుల ఎంపిక నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ దాకా ఎలా చేయాలి

ఏటా ఆగస్టులో, సెమిస్టర్ మొదలయ్యే ముందు, ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "మేజర్ కంప్యూటర్ సైన్స్. బ్లాక్ హిస్టరీలో ఒక క్లాసు తీసుకున్నాను, బాగా నచ్చింది. మైనర్ చేయొచ్చా? గ్రాడ్యుయేషన్ లేటవుతుందా? ఇంట్లో ఏం చెప్పాలి?" మెడికల్ స్కూల్‌కు సిద్ధమయ్యే ప్రీ-మెడ్ వాళ్లు అడుగుతారు, ఎకనామిక్స్ వాళ్లు అడుగుతారు, ఇండియా నుంచి నేరుగా బ్యాచిలర్స్‌కి వచ్చినవాళ్లు వీసా టెన్షన్‌తో అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ఇది అమెరికాలో బ్యాచిలర్స్ చదువుతున్నవాళ్లకు, త్వరలో చేరబోయేవాళ్లకు. మేజర్ అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, మైనర్ అంటే దాని పక్కన కొన్ని కోర్సులతో చేసే చిన్న రెండో సబ్జెక్టు. ఎంఎస్‌లో మైనర్ మామూలుగా ఉండదు. ఆ స్థాయిలో కొన్ని యూనివర్సిటీలు గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇస్తాయి, దాని లెక్క వేరు.

క్రెడిట్లు సర్దుకోవడం ఒక సాయంత్రం పని. ఎంచుకున్న ఐదారు కోర్సులు ఒకదానికొకటి అతుకుతున్నాయా లేదా చూసుకోవడమే అసలు పని. టైమ్‌టేబుల్లో ఖాళీ ఎక్కడుంటే అక్కడ దొరికిన కోర్సు తీసుకున్నవాళ్లకు చివర్లో 18 క్రెడిట్లు ఉంటాయి. "ఇందులో ఏం చదివావు?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు చేరిన సంవత్సరపు కాలేజీ కాటలాగ్. ఈ ఏడాది కాటలాగ్ కాదు, మీరు చేరిన ఏడాదిది.
- మీ డిగ్రీ ఆడిట్, అంటే డిగ్రీకి ఏ కోర్సులు అయ్యాయో, ఏవి మిగిలాయో చూపే నివేదిక. చాలా కాలేజీల్లో డిగ్రీవర్క్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది.
- గ్రాడ్యుయేషన్ దాకా మిగిలిన సెమిస్టర్లు, వాటిలో తప్పనిసరి మేజర్ కోర్సులు రాసుకున్న ఒక కాగితం.
- హైస్కూల్ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చేసే కాలేజీ స్థాయి కోర్సు) స్కోర్లు, కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు ఉంటే వాటి వివరాలు. ఏపీ ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ 2024-25 నుంచి ఏ హైస్కూలైనా పెట్టుకోగలిగే కోర్సు అయింది. దాని స్కోరుకు మీ కాలేజీ క్రెడిట్ ఇచ్చినా, ఆ క్రెడిట్ మైనర్‌లోకి కూడా లెక్కకొస్తుందా అన్నది డిపార్ట్‌మెంట్‌ని విడిగా అడగాలి.
- ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉంటే ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కాపీ, డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఈమెయిల్.
- ఒక్కో కోర్సుకు క్లాసు కాకుండా వారానికి ఐదారు గంటలు చదివే సమయం. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా దండగే.

1. సరైన డిపార్ట్‌మెంట్‌ని పట్టుకోండి

ఒకే చదువు ఒక్కో చోట ఒక్కో పేరుతో ఉంటుంది: ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్, బ్లాక్ స్టడీస్, ఆఫ్రికానా స్టడీస్. కార్నెల్‌లో 1969లో మొదలైన సెంటర్ పేరు ఆఫ్రికానా. హార్వర్డ్‌లో ఆఫ్రికన్ అండ్ ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్, పైగా అక్కడ మైనర్‌ని సెకండరీ ఫీల్డ్ అంటారు. కాబట్టి కాటలాగ్‌లో ఒక్క పేరుతో వెతికి "మా కాలేజీలో లేదు" అని వదిలేయకండి.

ఆఫ్రికన్ స్టడీస్ అని మాత్రమే ఉంటే కాస్త ఆగి చూడండి. చాలా చోట్ల అది ఆఫ్రికా ఖండం మీద విడి ప్రోగ్రాం. స్వాహిలీ, యోరుబా, అమ్హారిక్ లాంటి భాషలు, ఆయా దేశాల రాజకీయాలు, చరిత్ర అందులో ఉంటాయి. మీకు కావాల్సింది అమెరికాలోని నల్లజాతి ప్రజల చరిత్రా, ఆఫ్రికా ఖండమా, లేక బ్రెజిల్, కరీబియన్, హిందూ మహాసముద్రం దాకా పోయిన డయాస్పొరా (ఆఫ్రికా నుంచి చెదిరిన జనం) మొత్తమా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి.

సిద్ధాంతం జోలికి పోను గానీ ఒక్క నేపథ్యం తెలిసుండాలి. ఈ డిపార్ట్‌మెంట్లు యూనివర్సిటీలు తమంతట తాము దయతలచి పెట్టినవి కావు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో 1968 నవంబర్‌లో విద్యార్థులు సమ్మె మొదలుపెట్టి 1969 మార్చి దాకా నడిపారు. బ్లాక్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ వాళ్ల డిమాండ్లలో ఒకటి. అందుకే ఈ చదువులో పుస్తకానికీ బయటి సమాజానికీ ముడి గట్టిగా ఉంటుంది. కొన్ని ప్రోగ్రాముల్లో కమ్యూనిటీలో పనిచేసే కోర్సు తప్పనిసరి కూడా.

2. లెక్క వేసుకోండి

మైనర్ మామూలుగా 15 నుంచి 21 క్రెడిట్లు, అంటే ఐదు నుంచి ఏడు కోర్సులు. చాలా చోట్ల ఒక పరిచయ కోర్సు, ఒక చరిత్ర కోర్సు తప్పనిసరిగా ఉంటాయి, మిగతావి ఎలెక్టివ్‌లు, అంటే మీరు ఎంచుకునేవి. వాటిలో కనీసం రెండు మూడు 300 స్థాయి (పైస్థాయి కోర్సులు) లేదా ఆ పైన ఉండాలంటారు.

ఉదాహరణకు ఇలా అనుకుందాం. డిగ్రీకి 120 క్రెడిట్లు, మైనర్‌కి 18. పరిచయ కోర్సు సోషల్ సైన్స్ జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చేయాల్సిన కోర్సులు) కింద సరిపోయింది. ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర కోర్సు హిస్టరీ కింద, సాహిత్యం కోర్సు హ్యుమానిటీస్ కింద సరిపోయాయి. ఎలాగూ చేయాల్సిన తొమ్మిది క్రెడిట్లు మైనర్‌లోకి వచ్చేశాయి. మిగిలిన మూడు పైస్థాయి కోర్సులు ఫ్రీ ఎలెక్టివ్‌లలో పడతాయి. అదనపు సెమిస్టర్ అక్కర్లేదు. ఫ్రీ ఎలెక్టివ్‌లు దాదాపు లేని ఇంజినీరింగ్ బ్రాంచిల్లో మాత్రం ఈ లెక్క ఇంత సులువుగా కుదరదు. అక్కడ సమ్మర్‌లో ఒకటి రెండు కోర్సులు చేయాల్సి రావచ్చు.

పొరపాట్లు జరిగేది ఈ నాలుగు చోట్లే:

- ఒకే కోర్సు మేజర్‌కీ మైనర్‌కీ రెండింటికీ లెక్కపెట్టుకోవడానికి పరిమితి ఉంటుంది. కొన్ని కాలేజీల్లో రెండు కోర్సులు, కొన్నిచోట్ల ఒక్కటే, కొన్నిచోట్ల అసలు కుదరదు.
- పాస్/ఫెయిల్ పద్ధతిలో తీసుకున్న కోర్సు చాలా చోట్ల మైనర్‌కి పనికిరాదు. "మేజర్ కాదు కదా" అని పాస్/ఫెయిల్ పెట్టుకుని తర్వాత ఏడ్చేవాళ్లే ఎక్కువ.
- కనీస గ్రేడ్ నిబంధన. సీ కావాలని ఉన్నచోట సీ మైనస్ వస్తే కోర్సు పాసైనట్టే, మైనర్‌కి మాత్రం కానట్టే.
- బయటి కాలేజీ క్రెడిట్లు ఎన్ని తీసుకుంటారో చూడండి. సగం క్రెడిట్లైనా ఇక్కడే చేయాలనే నిబంధన మామూలే.

ఫ్లోరిడాలో చదివేవాళ్లకు ఇంకో మాట. అక్కడ 2023లో వచ్చిన చట్టం తర్వాత ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇలాంటి కోర్సులు కొన్ని జనరల్ ఎడ్యుకేషన్ జాబితాలోంచి పోయాయి. కోర్సు ఉండొచ్చు గానీ పైన చెప్పిన లెక్క తప్పుతుంది. ఏ రాష్ట్రంలో ఉన్నా సీనియర్లు చెప్పింది నమ్మకుండా ఈ సెమిస్టర్ జాబితా మీరే చూసుకోండి.

ఎలా సరిచూసుకోవాలి: డిగ్రీ ఆడిట్‌లో "వాట్-ఇఫ్" అనే ఆప్షన్ ఉంటుంది. మేజర్ అలాగే ఉంచి ఈ మైనర్ కలిపి నడపండి. ఏ కోర్సు ఎందులోకి పోయిందో, ఏది ఎందులోకీ పోకుండా అడుగున "మిగిలినవి" అన్న గుంపులో పడిందో కనిపిస్తుంది. ఆ అడుగు గుంపులో మీరు మైనర్‌కి అనుకున్న కోర్సు కనిపిస్తే వెంటనే అడ్వైజర్‌కి రాయండి. జవాబు ఈమెయిల్లోనే తీసుకోండి. అడ్వైజర్లు మారిపోతుంటారు, నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

3. ఒక ప్రశ్న పెట్టుకుని దాని చుట్టూ కోర్సులు ఏరండి

నన్నడిగితే ఈ మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

ప్రీ-మెడ్ అయితే "నల్లజాతి రోగులు వైద్యాన్ని ఎందుకు అంత తేలిగ్గా నమ్మరు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్, సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పెనిసిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. ఇది పాత కథే అనుకుంటే, కిడ్నీ పనితీరు లెక్కగట్టే ఫార్ములాలో రోగి నల్లజాతి అయితే అంకె మార్చే పద్ధతిని పక్కనపెట్టమని నిపుణుల సంఘాలు సిఫారసు చేసింది 2021లో. ఈ ప్రశ్నకు చరిత్ర కోర్సు, హెల్త్ డిస్పారిటీస్ (వర్గాల మధ్య ఆరోగ్యంలో తేడాలు) కోర్సు, సోషియాలజీ కోర్సు మూడూ అతుకుతాయి. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీ విభాగం ఉంది కాబట్టి ఆ చదువు వృథా కూడా కాదు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు వేరే దారి ఉంది. జాయ్ బువోలాంవీని, టిమ్నిట్ గెబ్రూ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లలో ముదురు రంగు స్త్రీల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా తేలాయి. లేత రంగు పురుషుల విషయంలో అత్యధికంగా 0.8 శాతం. "డేటాలో ఎవరున్నారు, ఎవరు లేరు?" అన్న ప్రశ్న పెట్టుకుంటే 1930ల్లో నగరాల పటాల మీద నల్లజాతి పేటలకు, ఇంటి రుణాలకు ప్రమాదకరమని, ఎర్రరంగు పూసిన రెడ్‌లైనింగ్ దగ్గర నుంచి ఇప్పటి అల్గారిథమ్‌ల దాకా ఒకే దారిలో నడవొచ్చు. రిచ్మండ్ యూనివర్సిటీ వాళ్లు ఆ పాత పటాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. మీరు ఇప్పుడుంటున్న ఊరిని అందులో వెతికి చూడండి. క్లాసులో వారం చెప్పినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

వలస, చట్టం, సంగీతం, మతం, ఏదైనా సరే. ప్రశ్న ఒక్క వాక్యంలో రాయగలగాలి. రాయలేకపోతే ముందు పరిచయ కోర్సు పూర్తిచేసి తర్వాత రాయండి, తొందరేం లేదు.

4. మొదటి కోర్సు: పేరు చూసి కాదు, సిలబస్ చూసి

రిజిస్టర్ అయ్యే ముందే సిలబస్ అడిగి తెప్పించుకోండి. పాతదైనా పర్లేదు. మూడు విషయాలు చూడండి: వారానికి ఎన్ని పేజీలు చదవాలి, ఎన్ని పేపర్లు రాయాలి, అసలు పత్రాలు చదివిస్తారా లేక ఒక పాఠ్యపుస్తకంతో సరిపెడతారా.

వారానికి 60 నుంచి 100 పేజీలుంటే అది మామూలే, భయపడకండి. కానీ అలాంటి కోర్సులు ఒకే సెమిస్టర్లో రెండు, పక్కన ఆర్గానిక్ కెమిస్ట్రీ లేదా ఆపరేటింగ్ సిస్టమ్స్ పెట్టుకుంటే అక్టోబర్‌కల్లా నిద్ర ఉండదు. సెమిస్టర్‌కు ఒకటి చాలు. 300 స్థాయి సెమినార్‌ని మొదటి కోర్సుగా తీసుకోవద్దు. రిజిస్ట్రేషన్ సిస్టమ్ ఒప్పుకున్నా వద్దు.

5. చదివే పద్ధతి మార్చుకోండి

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. లెక్కలు, సైన్సు చదివే అలవాటుతో మొదటి పేజీ నుంచి అండర్‌లైన్ చేసుకుంటూ పోతారు. పదో పేజీకి అలసిపోతారు. క్లాసులో "రచయిత వాదనేమిటి?" అని ప్రొఫెసర్ అడిగితే తేదీలు చెప్తారు.

ఇలా చేసి చూడండి. ముందు మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చదవండి. రచయిత దేన్ని నిరూపించాలనుకుంటున్నారో మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి. తెలుగులో రాసుకున్నా ఇబ్బంది లేదు, తెలుగులో రాయగలిగారంటే అర్థమైందన్నమాటే. అప్పుడు మధ్య భాగంలోకి వెళ్లి ఆ వాదనకు ఏం ఆధారాలు చూపించారో చూడండి: కోర్టు రికార్డా, ఉత్తరాలా, జనాభా లెక్కలా, ఇంటర్వ్యూలా. చివరగా మీకు ఒప్పుదల కాని చోటు ఒకటి గుర్తుపెట్టుకోండి. క్లాసులో నోరు తెరవడానికి ఆ ఒక్కటి చాలు. ఈ క్లాసుల్లో మాట్లాడటానికి మార్కులుంటాయి. వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుని పరీక్షలో దులిపేద్దామనే పద్ధతి ఇక్కడ పారదు.

6. క్లాసులో మాట

పాత పత్రాల్లో, పుస్తకాల పేర్లలో "నీగ్రో" అని ఉంటుంది. ఉదహరించేటప్పుడు అలాగే ఉంచాలి, మీ సొంత వాక్యంలో మాత్రం వాడకూడదు. తెలుగు పేపర్లు ఒకప్పుడు మామూలుగా రాసేవి కాబట్టి కొందరికి నోట్లో అలవోకగా వచ్చేస్తుంది, జాగ్రత్త. దానికంటే ఘోరమైన తిట్టు పదం పాఠంలో ఉంటే పైకి చదివేటప్పుడు దాటేయండి. పేపర్లో బ్లాక్ అని రాసేటప్పుడు క్యాపిటల్ బీ వాడండి. 2020 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ కూడా అలాగే రాస్తోంది.

పక్కన కూర్చున్న నల్లజాతి విద్యార్థిని "మీవాళ్లు దీని గురించి ఏమనుకుంటారు?" అని అడగొద్దు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు లాగోస్ నుంచి 1990ల్లో వచ్చి ఉండొచ్చు, తాతముత్తాతలు మిసిసిపీలో పత్తి ఏరి ఉండొచ్చు. రెండూ ఒకే చరిత్ర కావు.

"మేమూ వలస వచ్చాం, కష్టపడి పైకొచ్చాం కదా, వాళ్లెందుకు రాలేకపోయారు?" అన్న మాట మన ఇళ్లలో డిన్నర్ దగ్గర మామూలుగా వినిపిస్తుంది. క్లాసులో అది పైకి వచ్చినప్పుడు గది ఎలా మారుతుందో చూడాలి. అది మొరటు మాట అవడం ఒక ఎత్తు, లెక్కగా కూడా తప్పవడం ఇంకో ఎత్తు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత. ఆ చట్టంలో బంధుత్వంతో పాటు చదువుకూ నైపుణ్యానికీ ప్రాధాన్యం ఉంది. అంటే వచ్చినవాళ్లలో చాలామంది ముందే వడపోతకు గురై వచ్చినవాళ్లు. జాతిని బట్టి వడపోసే పాత పద్ధతిని ఎత్తేసిన ఆ చట్టం, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం వచ్చిన కాలంలోనే, ఆ ఉద్యమ వాతావరణంలోనే వచ్చింది. ఇంకోవైపు 1934 నుంచి ప్రభుత్వ గృహరుణ బీమా నల్లజాతి పేటలను పక్కనపెట్టింది, రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికుల్లో చాలామందికి జీఐ బిల్లు ఇంటి రుణాలు ఆచరణలో అందలేదు. ఈ నాలుగు సంగతులు పక్కపక్కన పెట్టుకుంటే ఆ డిన్నర్ ప్రశ్నకు మీరే ఇంట్లో జవాబు చెప్పగలుగుతారు.

7. పేపర్ రాయడం: అసలు పత్రాల దగ్గరకు వెళ్లండి

మంచి గ్రేడ్ తెచ్చే పేపర్లో ఒక అసలు పత్రం ఉంటుంది, దాన్ని విద్యార్థి స్వయంగా చదివినట్టు కనిపిస్తుంది. ఉచితంగా దొరికేవే చాలా ఉన్నాయి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1936-38 మధ్య ప్రభుత్వ పథకం కింద సేకరించిన ఇంటర్వ్యూలున్నాయి. ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా ముసలివాళ్లు తమ కథ చెప్పారు. కొత్తవాళ్లు చేసే తప్పు, అందులో ఉన్నది ఉన్నట్టు నమ్మేయడం. చార్ల్స్‌టన్‌కు చెందిన సుసాన్ హామ్లిన్ అనే వృద్ధురాలిని ఇద్దరు విడివిడిగా ఇంటర్వ్యూ చేశారు. ఒకరు తెల్లజాతి మహిళ, మరొకరు నల్లజాతి పురుషుడు. తెల్లావిడ సంక్షేమ శాఖ నుంచి వచ్చిందనుకున్న ఆ ముసలావిడ యజమాని మంచివాడని చెప్పింది. రెండో ఆయన దగ్గర కొరడా దెబ్బలు, బిడ్డల్ని అమ్మేస్తే తల్లుల ఏడుపులు చెప్పింది. మనిషి ఒక్కతే, జ్ఞాపకాలు అవే, ఎదుట కూర్చున్నవాళ్లు మారారు. అది మహా మాంద్యం కాలం, సాయం అందుతుందేమోనన్న ఆశ, ఏమంటే ఏమవుతుందోనన్న భయం రెండూ ఉన్న కాలం. కాబట్టి ఏ ఇంటర్వ్యూ వాడినా అడిగిందెవరు, రాసిందెవరు, ఎక్కడ అన్నది ముందు చెప్పి తర్వాతే మాటల్లోకి వెళ్లండి. యాస స్పెల్లింగ్ కూడా ఎక్కువగా రాసినవాళ్ల చేతి పనే.

అంకెలు ఇష్టమైతే స్లేవ్ వాయేజెస్ అనే డేటాబేస్ ఉంది. 36,000 దాకా ఓడ ప్రయాణాల వివరాలు అందులో వెతకొచ్చు. దాని అంచనాల ప్రకారం ఆఫ్రికా తీరం నుంచి ఓడ ఎక్కించినవాళ్లు సుమారు 1.25 కోట్లు, ప్రాణాలతో దిగినవాళ్లు సుమారు 1.07 కోట్లు. ఇప్పటి అమెరికా భూభాగానికి నేరుగా వచ్చినవాళ్లు నాలుగు లక్షల లోపే. ఎక్కువమంది బ్రెజిల్‌కు, కరీబియన్‌కు పోయారు. ఎక్కించిన సంఖ్య, దించిన సంఖ్య రెండు వేర్వేరు కాలమ్‌లు. ఏది వాడుతున్నారో పేపర్లో రాయకపోతే మీ అంకె ఎవరి అంకెతోనూ కలవదు.

డేటా విజువలైజేషన్ చేసేవాళ్లకు నేను తప్పకుండా చూడమని చెప్పేది నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ బృందం 1900 పారిస్ ఎగ్జిబిషన్‌కు చేతితో గీసిన చార్టులు. ఇవీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే ఉన్నాయి. జార్జియాలో నల్లజాతి ప్రజలు 1890లో ఊళ్లలో ఎందరు, పట్నాల్లో ఎందరు అని చూపే చార్ట్ ఉంది. పైన పట్నం జనానికి చిన్న చిన్న గీతలు, కింద పల్లె జనానికి ఒకే గీత. పల్లెల్లో ఉన్నది 7 లక్షల 34 వేలకు పైగా. అంత పొడవు గీత కాగితంలో పట్టదు కాబట్టి దాన్ని ఎర్రటి చుట్టగా లోపలికి లోపలికి తిప్పేశారు. ఎక్సెల్ లేని రోజుల్లో. ఒక్క చార్ట్ తీసుకుని, దాని వెనక లెక్కలు ఎక్కడివి, ఎవరికి చూపించడానికి గీశారు అని రాస్తే మొత్తం పేపర్ అయిపోతుంది.

ఏ అంశం రాయాలి, ఏది వదిలేయాలి. గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ మీద రాయొద్దు. అంశం చెడ్డదని కాదు, ప్రొఫెసర్ ప్రతి సెమిస్టర్ భారతీయ విద్యార్థుల నుంచి అదే అందుకుంటారు. మన వైపు నుంచి నిజమైన ముడులు వేరే ఉన్నాయి. అంబేడ్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, ఐక్యరాజ్యసమితికి అమెరికా నల్లజాతి ప్రజలు ఇచ్చిన పిటిషన్ కాపీ కావాలని అడుగుతూ. డుబోయిస్ జవాబూ ఉంది. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆర్కైవ్‌లో ఆన్‌లైన్‌లోనే చదవొచ్చు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం దగ్గరున్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. ఆ సిద్దీ (ఆఫ్రికన్ మూలాలున్న) కుటుంబాల చరిత్ర హిందూ మహాసముద్రపు ఆఫ్రికన్ డయాస్పొరాలో భాగం. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాతి ఏళ్లలో మద్రాసు రేవు నుంచి కూలి ఒప్పందాల మీద వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. దక్షిణాఫ్రికాలో వాళ్లకూ అక్కడి నల్లజాతి ప్రజలకూ మధ్య సంబంధం ఏమిటన్నది ఎంత తవ్వినా తరగని అంశం. అయితే మన ముడి పెట్టాలని బలవంతంగా ఇరికించొద్దు. కోర్సు హార్లెం (న్యూయార్క్‌లోని నల్లజాతి పేట) కవుల మీద అయితే హార్లెం కవుల మీదే రాయండి.

పేపర్ ఇచ్చే ముందు సరిచూసుకోండి:

- ప్రతి రిఫరెన్స్‌నీ లైబ్రరీ కాటలాగ్‌లో మీరే వెతకండి. ఏఐ ఇచ్చిన పుస్తకాల జాబితాలో లేని పుస్తకాలుంటాయి. ప్రొఫెసర్‌కి ఈ రంగంలో పుస్తకాలన్నీ తెలుసు, ఒక్క చూపులో పట్టేస్తారు.
- "ఆఫ్రికాలో" అని రాసిన ప్రతిచోటా ఆగండి. 54 దేశాలున్నాయి. ఏ దేశం, ఏ ప్రాంతం, ఏ కాలం?
- "1863లో లింకన్ బానిసత్వం రద్దు చేశారు" అని ఉంటే దిద్దండి. ఆ ఏడాది లింకన్ చేసిన విముక్తి ప్రకటన వర్తించింది తిరుగుబాటు చేస్తున్న రాష్ట్రాలకే. దేశమంతటా రద్దయింది 1865 డిసెంబర్‌లో, 13వ రాజ్యాంగ సవరణతో. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కు ఆ ప్రకటన కబురు చేరిన 1865 జూన్ 19నే ఇప్పుడు జూన్‌టీన్త్‌గా జరుపుతారు.
- వాక్యాల్లో నల్లజాతి మనుషులు ఎప్పుడూ వ్యాకరణంలో చెప్పే కర్మలుగానే ఉన్నారా? కొట్టబడ్డారు, అమ్మబడ్డారు, విముక్తి చేయబడ్డారు. వాళ్లు పారిపోయారు, కేసులు వేశారు, బడులు కట్టుకున్నారు, పత్రికలు నడిపారు. ఆ వాక్యాలు లేకపోతే పేపర్ సగమే.

8. డిక్లేర్ చేయండి, ఎఫ్-1 అయితే ఇంకొంచెం జాగ్రత్త

రెండు కోర్సులు అయ్యాక మైనర్‌ని డిక్లేర్ చేయడం, అంటే కాలేజీలో అధికారికంగా నమోదు చేయించుకోవడం, మంచిది. ముందే చేస్తే నచ్చకపోతే మళ్లీ తీసేయించాలి, ఆలస్యం చేస్తే చివరి సెమిస్టర్లో సీట్లు దొరకవు. కొన్ని డిపార్ట్‌మెంట్లు పైస్థాయి కోర్సుల్లో తమ విద్యార్థులకు ముందు రిజిస్ట్రేషన్ ఇస్తాయి.

ఎఫ్-1 వాళ్లకు:

- ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ అనుమతి) కింద చేసే ఉద్యోగం మేజర్‌కు సంబంధించినదై ఉండాలి, మైనర్ దానికి లెక్కలోకి రాదు. సైన్స్, ఇంజినీరింగ్ లాంటి డిగ్రీలవాళ్లకు ఓపీటీ మీద దొరికే స్టెమ్ పొడిగింపుకూ మైనర్‌తో సంబంధం లేదు. మైనర్ వల్ల లాభం లేదు, నష్టమూ లేదు.
- మైనర్ పూర్తికాలేదని ఇంకో సెమిస్టర్ ఉంటానంటే ఐ-20 పొడిగింపు వస్తుందని అనుకోవద్దు. మొదటి రోజు నుంచే మేజర్ పూర్తయ్యే తేదీలోపు ఇమిడేలా ప్లాన్ చేయండి.
- సెమిస్టర్‌కు 12 క్రెడిట్ల లెక్కలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లే చెల్లుతాయి. మైనర్ కోర్సు ఆన్‌లైన్‌లో దొరికిందని సంబరపడే ముందు ఇది చూసుకోండి.
- ఘానా, సెనెగల్, దక్షిణాఫ్రికాకు స్టడీ అబ్రాడ్ ప్రోగ్రాములుంటాయి, బాగుంటాయి కూడా. కానీ ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఆ దేశపు వీసా, తిరిగి రావడానికి అమెరికా వీసా గడువు, ఐ-20 మీద ట్రావెల్ సంతకం మూడూ ముందే సరిచూసుకోవాలి. వీసా గడువు అయిపోయి ఉంటే డీఎస్‌ఓతో మాట్లాడకుండా డిపాజిట్ కట్టొద్దు.

9. ఇంట్లో ఏం చెప్పాలి

"ఉద్యోగం వస్తుందా?" అని నాన్న అడిగితే "ఇది చదివితే కొత్త ఉద్యోగం రాదు, ఉన్న మేజర్ ఉద్యోగం పోదు" అన్నదే నిజాయితీ అయిన జవాబు. కొందరు దీన్ని మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో మెరిసే లైన్‌గా అమ్మాలని చూస్తారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది. వాట్-ఇఫ్ ఆడిట్ ప్రింట్ తీసి, గ్రాడ్యుయేషన్ తేదీ మారలేదని, ఫీజు పెరగలేదని చూపించండి. నూటికి తొంభై ఇళ్లలో గొడవ అక్కడితో ఆగిపోతుంది. మిగతా పది ఇళ్లలో గొడవ మైనర్ గురించి కాదు.

చివరి సెమిస్టర్‌కు ముందు

గ్రాడ్యుయేషన్‌కు అప్లై చేసే ఫారంలో మైనర్ విడిగా టిక్ చేయాల్సి ఉండొచ్చు. డిక్లేర్ చేసినా ఈ టిక్ మరిచిపోయి మైనర్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆడిట్‌లో మైనర్ బ్లాక్ మొత్తం పూర్తయినట్టు చూపిస్తోందా అని చివరి రిజిస్ట్రేషన్‌కు ముందే చూసుకోండి, ఆ తర్వాత చూస్తే చేయగలిగేదేమీ ఉండదు. డిప్లొమా (డిగ్రీ పట్టా) మీద చాలా కాలేజీలు మైనర్ అచ్చువేయవు, ట్రాన్‌స్క్రిప్ట్‌లోనే ఉంటుంది. డిగ్రీ ఖరారైన కొన్ని వారాలకు ఒక అనఫిషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి ఆ లైన్ ఉందో లేదో చూడండి. లేకపోతే అడ్వైజర్ పాత ఈమెయిల్ జోడించి రిజిస్ట్రార్‌కు రాయండి.